డెనాలీ వెళ్తే టండ్రా ఎలా చూడాలి

అలాస్కా ట్రిప్ వేసుకునే మనవాళ్లలో చాలామంది డెనాలీ నేషనల్ పార్కుకి డెనాలీ పర్వతం కోసమే వెళ్తారు. 20,310 అడుగుల పర్వతం మరి, తప్పేం లేదు, కాకపోతే వేసవిలో అది మబ్బుల్లోంచి బయటపడేది ఏ మూడు రోజులకో ఒకసారి, దాంతో సగంమంది ఏమీ కనపడలేదని మొహాలు వేలాడేసుకుని తిరిగొస్తారు. నన్నడిగితే టండ్రా, అంటే చెట్లు పెరగని ఆ చలి నేల, చూడ్డానికి వెళ్లండి, మబ్బున్నా వానున్నా అది ఎక్కడికీ పోదు.

ముందు టైమ్ సంగతి. జూన్ చివర్నుంచి జులై అంతా పూలు బాగుంటాయి, దోమలు కూడా అంతే బాగుంటాయి, తలకి తొడుక్కునే నెట్ లేకుండా వెళ్లకండి. ఆగస్టు చివర్లో వెళ్తే దోమలు తగ్గుతాయి, బేర్‌బెర్రీ ఆకులు, పొట్టి బర్చ్ పొదలు ఎర్రబడి కొండలకి కొండలే రంగు మారతాయి, బ్లూబెర్రీలు కూడా దొరుకుతాయి. నా ఓటు దానికే. మంచు మాత్రం ఏ నెలలోనైనా పడొచ్చు కాబట్టి జులై కదా అని టీషర్టుల్తో దిగకండి, రెయిన్ జాకెట్, లోపల ఒక ఫ్లీస్, వాటర్‌ప్రూఫ్ బూట్లు ఉండాల్సిందే.

యాంకరేజ్ నుంచి పార్కు గేటు దాకా దాదాపు 240 మైళ్లు, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి అయితే 120. లోపల ఉన్నది ఒకటే రోడ్డు, వేసవిలో సొంత కారు 15వ మైలు సావేజ్ రివర్ వరకే, ఆ పైన బస్సే. 2021 ఆగస్టులో ప్రెట్టీ రాక్స్ దగ్గర కొండ జారడం మరీ ఎక్కువై రోడ్డు మూసేశాక బస్సులు 43వ మైలు నుంచే వెనక్కి తిరుగుతున్నాయి, అక్కడ వంతెన పని నడుస్తోంది కాబట్టి బుక్ చేసేముందు పార్కు సైట్ ఒకసారి చూసుకోండి. అసలు ఆ కొండ జారడానికి కారణం కూడా టండ్రా కథలో భాగమే, లోపల వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల ఇప్పుడు కరుగుతోంది. టికెట్ తీసేటప్పుడు టూర్ బస్సు కాకుండా ట్రాన్సిట్ బస్సు తీసుకోండి, కామెంటరీ ఉండదు గానీ ఎక్కడ కావాలంటే అక్కడ దిగి తర్వాత ఖాళీ ఉన్న బస్సు ఎక్కొచ్చు.

ఇక దిగాక అసలు పని. చెట్లు ఆగిపోయి నేల బోడిగా కనిపించేచోట, అంటే దాదాపు మూడు వేల అడుగుల పైన, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. అక్కడ విల్లో చెట్టు కూడా మీ మడమ ఎత్తు దాటదు, గాలికి తల వంచి నేలకి అతుక్కుని బతుకుతుంది. మాస్ క్యాంపియన్ అని గులాబీరంగు పూల దిండు ఒకటి ఉంటుంది, ఆ దిండు లోపల బయటకంటే వెచ్చగా ఉంటుంది. పల్లపు చోట్ల కాటన్ గ్రాస్ దుబ్బులు, వాటి మధ్య నీళ్లు. ఇక్కడ వానా మంచూ కలిపినా ఏడాదికి సుమారు 15 అంగుళాలే, మన అనంతపురం కంటే తక్కువ, అయినా నేలంతా చిత్తడి ఎందుకంటే కింద గడ్డకట్టిన పొర నీటిని ఇంకనివ్వదు. ఆ దుబ్బుల మీద నడిస్తే చీలమండ బెణకడం ఖాయం, పొడి గట్టు చూసుకుని నడవండి.

దారి లేనిచోట ఒకరి వెనక ఒకరు నడవకండి, పక్కపక్కన విడివిడిగా నడవాలి, అందరూ ఒకే చోట తొక్కితే బాట పడిపోతుంది. నేలమీద నాచులా పరుచుకునే లైకెన్ నలిగిందంటే మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, చలికాలంలో కారిబూలకి, అంటే అక్కడి పెద్ద జింకలకి, అదే తిండి.

జంతువులకి బైనాక్యులర్స్ తప్పనిసరి, ఫోన్ జూమ్‌తో చుక్కలే కనపడతాయి. ఎత్తైన రాళ్లమీద తెల్లచుక్కలు కదిలితే అవి డాల్ షీప్ అనే అడవి గొర్రెలు. కొమ్ములున్నాయి కదా అని మగ కారిబూ అనేసుకోకండి, ఆడవాటికీ ఉంటాయి. నేల ఉడుతల్ని చిన్నచూపు చూడకండి, చలికాలం నిద్రలో వాటి ఒంటి ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి పోతుంది, మైనస్ 3 సెల్సియస్ దాకా, అయినా వసంతంలో లేచి తిరుగుతాయి. ఎలుగుబంటికి 300 గజాల దూరం, మూస్ అనే భారీ జింకకి 25 గజాలు, ఇది రూల్. పొదల్లో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి, ఎలుగుబంటిని తరిమే బేర్ స్ప్రే బ్యాగులో కాదు నడుముకి ఉండాలి.

లోపల తిండి కొనడానికి ఏమీ ఉండదు, మూత గట్టిగా పట్టే డబ్బాలో పులిహోర తీసుకెళ్లండి, తిన్నాక ఒక్క కరివేపాకు కూడా అక్కడ వదలకండి. చివరి బస్సు ఎన్నింటికో దిగేముందే డ్రైవర్‌ని అడిగి పెట్టుకోండి, జూన్ జులైల్లో రాత్రి పదకొండుకి కూడా వెలుతురే కాబట్టి ఆకాశం చూసి టైమ్ చెప్పలేరు.