డివైస్ ట్రీ పాఠాలు – 6: డిస్‌ప్లే తీగల్లోకి ఎంత కరెంటు?

గత పాఠంలో డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ భాగాలున్నాయో లినక్స్ కెర్నల్‌కు చెప్పే ఫైలు) ప్యానెల్ టైమింగులు, అంటే తెరకు బొమ్మను ఏ వేగంతో పంపాలో చెప్పే అంకెలు, రాశాం. తెర వెలిగింది కానీ నల్లటి నేపథ్యం మీద రంగు చుక్కలు మిణుకుమంటున్నాయని తిరుపతి, చిత్తూరు విద్యార్థులు కొందరు అడిగారు. టైమింగులు సరిగ్గానే ఉంటే, తర్వాత అనుమానించాల్సింది సిగ్నల్ అంచులను, అంటే తీగ మీద వోల్టేజీ ఒక స్థాయి నుంచి మరో స్థాయికి మారే క్షణాలను.

తీగ మీద వోల్టేజీని మార్చడానికి చిప్పు పిన్ను ఇవ్వగల కరెంటే డ్రైవ్ స్ట్రెంత్. అది చాలకపోతే అంచు ఏటవాలుగా సాగుతుంది, ప్యానెల్ బిట్టును తప్పుగా చదువుతుంది. మితిమీరితే సిగ్నల్ తీగ చివర ప్రతిఫలించి ఊగిసలాడుతుంది, పక్కనున్న యాంటెన్నాలో రొద పెరుగుతుంది. అందుకే గరిష్ఠ విలువ పెట్టేసి చేతులు దులుపుకోవడాన్ని నేను ఒప్పుకోను.

సమాంతర ఆర్‌జీబీ తెరలకు (ప్రతి రంగు బిట్టుకూ విడి తీగ ఉండేవి) ఈ విలువను పిన్‌కంట్రోల్ నోడ్‌లో, అంటే డివైస్ ట్రీలో పిన్నుల సెట్టింగులు ఉండే భాగంలో, ‘డ్రైవ్-స్ట్రెంత్’ పేరుతో మిల్లీయాంపుల్లో రాస్తారు. కొద్ది తీగల మీదే బిట్లను వరుసగా పంపే డీఎస్‌ఐ సంగతి వేరు. మీడియాటెక్ ఎంటీ8183 చిప్పునే తీసుకోండి. అక్కడ రాయాల్సింది ప్యానెల్ నోడ్‌లో కాదు, డీఎస్‌ఐ ఫై (తీగలను నేరుగా నడిపే సర్క్యూట్) నోడ్‌లో:

డ్రైవ్-స్ట్రెంత్-మైక్రోయాంప్ = <5000>;

(ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి.) డివైస్ ట్రీ అంకెల్లో దశాంశాలకు చోటు లేదు. 4.6 మిల్లీయాంపులు కావాలంటే 4600 మైక్రోయాంపులనే చెప్పాలి. మీరేమీ రాయకపోతే డ్రైవర్ (ఆ సర్క్యూట్‌ను నడిపే కెర్నల్ కోడ్) తీసుకునే విలువ కూడా ఆ 4600యే.

ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండండి. మిల్లీయాంపుల అలవాటుతో <5> అని రాశారనుకుందాం. డ్రైవర్ అనుమతించే పరిధి 3000 నుంచి 6000. కెర్నల్ లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, మీ విలువను 3000 దగ్గర ఆపేస్తుంది. బలం పెంచబోయి అసలున్న 4600 కన్నా తగ్గించినట్టవుతుంది! తెర వెలుగుతూనే ఉండవచ్చు కాబట్టి లాగ్ చూడనివారికి ఇది తెలియనే తెలియదు.

విలువ చేరిందో లేదో బోర్డు మీదే చూడవచ్చు. ప్రాక్ డైరెక్టరీలోని డివైస్-ట్రీలో ఆ ప్రాపర్టీ ఫైలును ‘hexdump -C’తో చూస్తే హెక్సాడెసిమల్ అంకెల్లో 00 00 13 88 కనిపించాలి. అదే 5000.

కేబుల్ పొడవు బోర్డుకో తీరుగా ఉంటుంది. అందుకే ఈ వరుసను చిప్పు ఉమ్మడి ఫైల్లో కాక, మీ బోర్డు ఫైల్లో పెట్టండి. 200 చొప్పున మార్చుతూ, చుక్కలు పోయిన విలువకు ఒక మెట్టు పైన ఆగండి. పరీక్ష ఏసీ గదిలోనే ముగించకండి. వేడికి ట్రాన్సిస్టర్ల బలం తగ్గుతుంది, మే నెల రేణిగుంట మధ్యాహ్నంలోనూ ఆ తెర నిలబడాలి.

అభ్యాసం: డ్రైవర్ ఈ విలువలోంచి 3000 తీసేసి, 200తో భాగించి చిప్పులోని రిజిస్టర్‌లో (సెట్టింగు నిలిచే చోటు) వేస్తుంది. 5000కు 10 వస్తుంది. 3600కు, 4600కు ఎంతో లెక్కగట్టి, <5> రాసినప్పుడు ఎంత పడుతుందో కూడా పక్కనే రాయండి.