తక్కువ ఖర్చుతో స్పెయిన్‌లోని బిల్బావోలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలంటే

మ్యాచ్ ఆదివారం అని ఉంది కదా అని వెంటనే ఫ్లైట్ బుక్ చేసేయకండి. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లిగాలో రోజు, టైమ్ కొన్ని వారాల ముందు గానీ ఖరారు కావు, శుక్రవారం రాత్రికో సోమవారానికో మారొచ్చు, అందుకే అటూ ఇటూ రెండేసి రోజులు ఉంచుకోండి. స్పెయిన్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసా పని ముందే చూసుకోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి ట్యాక్సీ వద్దు, బిజ్కైబస్ అనే లోకల్ బస్సు ఉంది. బసకి హాస్టల్ డార్మ్ చాలు, పడుకోవడానికేగా!

మ్యాచ్ రోజు మాత్రం రెండు గంటల ముందే పోసాస్ వీధికి వెళ్లిపోండి. ఎక్కడ చూసినా స్థానిక జట్టు అథ్లెటిక్ క్లబ్ ఎరుపు తెలుపు చారల జెర్సీలే, వీధి చివర ఆ జట్టు శాన్ మమేస్ స్టేడియం. బార్ కౌంటర్ మీద రొట్టె ముక్కలపై పుల్ల గుచ్చి పెట్టిన పిన్‌చోలు ఉంటాయి, నాలుగు తింటే అదే భోజనం.