పాత టేలర్‌క్రాఫ్ట్ డోర్ కిటికీ మళ్ళీ స్మూత్‌గా జరగాలంటే

1946 నాటి బీసీ-12డీ లాంటి పాత టేలర్‌క్రాఫ్ట్ చిన్న విమానాల్లో కిటికీ ఇరుక్కుంటే బలంగా లాగకండి, పాత ప్లెక్సీగ్లాస్ (గాజులాంటి ప్లాస్టిక్) పెళుసెక్కి ఉంటుంది, టప్‌మని విరుగుద్ది. స్క్రూలు తీసి పాత ముక్కనే కొత్త షీట్ మీద పెట్టి గీసుకోండి, షీట్ మీద అంటించి వచ్చే కాగితం మాత్రం చివరిదాకా పీకొద్దు. మామూలు డ్రిల్ బిట్ వాడితే బీటలు ఖాయం, ప్లాస్టిక్‌కి వాడే బిట్‌తో రంధ్రాలు మెల్లగా వేయండి, రంధ్రం స్క్రూ కన్నా కాస్త పెద్దదే ఉండాలి, ఎండకి షీట్ సాగుద్ది కదా. అంచులు ముందు 220, తర్వాత 400 నంబర్ గరుకు కాగితంతో రుద్దాలి. కిటికీ జరిగే ఛానెల్‌లో తుప్పు గీకి కొత్త ఫెల్ట్ (మెత్తటి మందపాటి గుడ్డ) అంటించి, కొవ్వొత్తి మైనం కొంచెం రాస్తే చాలు. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ అస్సలు వద్దు, సన్నటి పగుళ్ళొస్తాయి. అమెరికాలో స్ట్రక్చర్‌నీ కంట్రోల్స్‌నీ ముట్టుకోకుండా పక్క కిటికీ మార్చడం ఓనర్ పైలటే చేసుకోవచ్చు, లాగ్‌బుక్‌లో మాత్రం రాయాలి.