ఆంప్‌ని నేల మీద నుంచి లేపాక
స్టేజ్ మీద డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయిస్తుంటే నా స్వరాలు నాకే తెలిసేవి కావు, అంతా ఒకటే హోరు, ఫ్రెట్లు (స్వరస్థానాలు చూపే మెట్లు) లేని వాయిద్యం కాబట్టి శ్రుతి తప్పుతుందేమోనని టెన్షన్, వాల్యూమ్ పెంచితే ముందు వరుసవాళ్లకి మోత. కారణం ఆంప్ (వాయిద్యం ధ్వనిని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) నేల మీద ఉండటమే. స్పష్టతనిచ్చే పై ఫ్రీక్వెన్సీలు స్పీకర్‌కి సూటిగా, అంటే నా మోకాళ్ల వైపు పోతాయి, కింది ఫ్రీక్వెన్సీలేమో నేల వల్ల ఇంకా బలపడతాయి. గట్టి స్టాండ్ మీద నడుము ఎత్తుకి లేపి, కొంచెం వెనక్కి వాల్చాను. ఎంత తేడా! వాల్యూమ్ తగ్గించినా ప్రతి స్వరం చెవికి అందింది. కాకపోతే స్పీకర్ బేస్ పొట్టకి ఎదురుగా వచ్చి ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ వాయిద్యంలోకే వెళ్లి పుట్టే గోల) మొదలైంది. ఆంప్‌ని పక్కకి జరిపి, మరీ కింది ఫ్రీక్వెన్సీలని తగ్గించే హై పాస్ ఫిల్టర్ 40 హెర్ట్జ్ దగ్గర పెట్టాను (బేస్ కింది ఇ (E) తీగ స్వరం దాదాపు 41 హెర్ట్జ్), ధ్వని తరంగాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ తిప్పగానే మిగిలిన గోల కూడా ఆగింది.