విజయవాడ హైవే ఎక్కేముందు చూసుకోవాల్సిన మూడు ఏర్లు

హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. అన్నీ కుదిరితే కారులో ఐదు గంటల లోపే చేరొచ్చు. ఎక్కడ మలుపు, ఎక్కడ టోల్ అన్నది ఫోన్ చూపిస్తుంది. బండి ఏ నెలలో ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే మాత్రం ఈ దారి దాటే మూడు ఏర్లను గుర్తు పెట్టుకోవాలి: మూసీ, పాలేరు, మున్నేరు.

నంబరు కొత్తది, దారి పాతది

2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు పాత 9వ నంబరు కాస్తా 65 అయింది. ఇది పుణెలో మొదలై షోలాపూర్, జహీరాబాద్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా వెళుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు సముద్రపు రేవు అంటే బందరే, అంటే ఈ మచిలీపట్నమే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అక్కడ స్థావరాలు పెట్టుకున్నారు. వజ్రాలు, కలంకారీ బట్టలు నడిచిన బాట అది. హయత్‌నగర్‌లో గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం కట్టించిన మసీదు ఆవరణ చుట్టూ వరసగా చిన్న గదులు ఇప్పటికీ కనిపిస్తాయి. బాటసారులు దిగడానికి కట్టినవి అవి. పక్కనే ఏనుగుల బావి ఉంది. అవతలి కొసన విజయవాడలో బోర్డుల మీద మహాత్మాగాంధీ రోడ్డు అని ఉన్నా జనం బందరు రోడ్డనే అంటారు.

ఏర్లకు వంతెనలు లేని రోజుల్లో వరద తీసేదాకా ఒడ్డున కూర్చోవడమే. ఇప్పుడు వంతెనలున్నాయి, 2012 చివరికి మల్కాపూర్ నుంచి నందిగామ దాకా నాలుగు వరసలూ వచ్చాయి. అయినా ఆగే చోట్లు మారలేదు.

బయల్దేరే ముందు

టైర్లను ముందు రోజు సాయంత్రమే చూసుకోండి. టైరు పక్క గోడ మీద చిన్న కోలాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు బాగానే ఉన్నా రబ్బరు పాతబడితే ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండలో సూర్యాపేట దాటేసరికి పగిలే ప్రమాదం ఉంది. గాలి చల్లని టైర్లలోనే కొట్టించాలి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసి ఉందో అంతే. దారిలో వేడెక్కి రీడింగ్ పెరిగిందని గాలి తీయొద్దు. తీస్తే, చల్లారాక టైరులో ఉండాల్సిన దానికంటే తక్కువ గాలి మిగులుతుంది.

టోల్ ప్లాజాలు నాలుగు: పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర. ఫాస్టాగ్‌లో డబ్బు గంట ముందే వేసుకోండి. ప్లాజా ముందు క్యూలో ఉండి రీచార్జ్ చేస్తే సొమ్ము జమైనా ట్యాగ్ స్థితి వెంటనే మారకపోవచ్చు. అప్పుడు ట్యాగ్ లేకుండా కడితే ఎక్కువ పడుతుంది. తరచూ తిరిగే సొంత కారుకు 2025 ఆగస్టు 15న మొదలైన ఏడాది పాస్ కలిసొస్తుంది. అది 200 ప్లాజాలు దాటడానికి పనికొస్తుంది. రానూపోనూ ఎనిమిది ప్లాజాలు కాబట్టి 25 సార్లు వెళ్లి రావచ్చు. దారిలో బండి ఆగినా, ప్రమాదం జరిగినా ఫోన్ చేయాల్సింది 1033కి.

సంక్రాంతికి

భోగికి ముందు రెండు రోజులూ, కనుమ దాటాక తిరుగు ప్రయాణాల్లోనూ పంతంగి దగ్గర బారులు తీరతాయి. హైదరాబాద్ మొత్తం ఒకే గొట్టంలోంచి బయటికొస్తే మొదట తగిలే ప్లాజా అదే. ఆ రోజుల్లో తెల్లవారుజామున నాలుగుకల్లా పెద్ద అంబర్‌పేట దాటితే నయం. కానీ చలికాలం వేకువన చౌటుప్పల్, చిట్యాల ప్రాంతంలో మంచు కమ్ముతుంది. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. లో బీమ్ మీదే, ఎడమ అంచు గీత చూసుకుంటూ పోవాలి. ఆగాల్సి వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆపండి. వెనక నుంచి లారీ గుద్దే ప్రమాదాలు అంచున సగం ఆపిన బండ్లకే ఎక్కువ.

వెళ్లే ఊరిని బట్టి దారి ముందే విడిపోవడం మంచిది. గుంటూరు, ఒంగోలు వైపైతే నార్కట్‌పల్లిలో కుడికి తిరిగి నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డు పట్టండి. లేదా బొంగులూరు దగ్గర ఔటర్ దిగి నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా వెళ్లండి. ఖమ్మం వాళ్లు సూర్యాపేటలో ఎడమకు తిరగాలి. పంతంగినే తప్పించుకోవాలంటే ఘట్‌కేసర్, భువనగిరి, వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాలలో వచ్చి కలవొచ్చు. ఇది పల్లెల్లోంచి పోయే రోడ్డు, చీకట్లో పశువులు, ట్రాక్టర్లు ఎదురొస్తాయి. పగటిపూటే సరి.

రెండేళ్లకోసారి మాఘంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర జరిగేటప్పుడు సూర్యాపేట దగ్గర బండ్లను మళ్లిస్తారు. 2025లో అయింది, మళ్లీ 2027లో.

వానాకాలంలో

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. మూసీతో పెద్ద పేచీ లేదు. కేతేపల్లి దాటాక, సూర్యాపేటకు ముందు వస్తుంది. ఇబ్బందంతా మిగతా రెంటితోనే.

పాలేరు రెండు రాష్ట్రాల సరిహద్దులో, రామాపురం క్రాస్‌రోడ్డుకీ గరికపాడుకీ మధ్య తగులుతుంది. 2024 సెప్టెంబరు 1న అది పొంగి వంతెన పక్క రోడ్డును కోసేసింది. వరదలో ముందు పోయేది సాధారణంగా వంతెనకు ఆనుకున్న మట్టికట్టే. పైన తారు అలాగే కనిపిస్తూ కింద డొల్ల అవుతుంది. అందుకే నీళ్లు తీసినా పోలీసులు వదిలేదాకా బండి ఎక్కించొద్దు.

మున్నేరు ఇంకా మొండిది. నందిగామ దాటాక ఐతవరం దగ్గర రోడ్డు పల్లంలో ఉంది. 2023 జూలై చివర్లోనూ, 2024 సెప్టెంబరులోనూ నీళ్లు ఇక్కడే హైవే ఎక్కాయి. మున్నేరు కృష్ణలో కలవాలి. కృష్ణ కూడా నిండుగా ఉంటే మున్నేరు నీళ్లు దిగే దారి లేక వెనక్కి తన్ని పొలాల మీదుగా రోడ్డు మీదికి వస్తాయి. 2024లో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. పాలేరు, మున్నేరు, కృష్ణ ఒకేసారి పొంగితే ఏమవుతుందో ఆ వారం చూపించింది.

కాబట్టి వాన ముసురు పట్టిన రోజు బయల్దేరే ముందు రెండు అంకెలు కనుక్కోండి. ఒకటి, ఖమ్మం కాల్వొడ్డు దగ్గర మున్నేరు మట్టం. అక్కడ 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24కు రెండోది. అక్కడి నీళ్లు ఐతవరం చేరడానికి గంటలు పడుతుంది, అంటే మీరు దారిలో ఉండగానే అవీ వస్తుంటాయి. రెండోది, ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద. రెండూ పెరుగుతుంటే నందిగామ దారి వదిలేయండి.

ఆ నిర్ణయం నార్కట్‌పల్లిలోనే తీసుకోవాలి. అక్కడ కుడికి తిరిగితే మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా విజయవాడ చేరొచ్చు. 2024లో పోలీసులు మళ్లించిన దారీ అదే. ఈ దారి వాడపల్లి దగ్గర కృష్ణను దాటుతుంది. కోదాడ దాకా వెళ్లాక తెలిస్తే హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు మళ్లాలి. రామాపురం చేరాక తెలిస్తే వెనక లారీలు కట్టేస్తాయి, తిరగడానికే గంటలు పడుతుంది.

రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు అంచనా వేయొద్దు. డివైడర్ పక్కన అడుగు లోతున్న నీళ్లకే కారు పక్కకు జరుగుతుంది.

నందిగామ దాటాక

నందిగామ, కంచికచర్ల ప్రాంతమంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంగే నేల అది, పైనున్న తారు అలలు తేలుతుంది. వేగంలో కారు ఊయల ఊగినట్టు లేస్తే బండిలో లోపమని కంగారు పడొద్దు, వేగం తగ్గించండి. పరిటాల దగ్గర పెద్ద హనుమంతుడి విగ్రహం కనబడుతుంది. నిజాం రాజ్యంలో భాగమైన పరిటాల చుట్టూ అప్పట్లో అంతా బ్రిటిష్ కృష్ణా జిల్లానే. ఆ చుట్టుపక్కల వజ్రాల గనులుండేవి.

ఇబ్రహీంపట్నం నుంచి ఊరి రద్దీ మొదలు. 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ కొండ కింద చిక్కును చాలావరకు తీర్చింది. దసరా రోజుల్లో మాత్రం, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, బండ్లను గొల్లపూడి దగ్గరే మళ్లిస్తారు. ఏలూరు వైపు వెళ్లాల్సినవాళ్లు ఆ రోజు కొండ దాకా రాకుండా అక్కడే పక్కకు తప్పుకోవాలి.