ప్రశ్న అడిగే తీరు - 3వ పాఠం: నోటీసును తిరగరాయడం

గత పాఠంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1981లో ప్రచురించిన ప్రయోగం చూశాం. 600 మందికి ప్రాణాపాయం. ‘200 మంది కచ్చితంగా బతుకుతారు’ అన్నప్పుడు ఆ మార్గానికి 72 శాతం మంది సరేనన్నారు. అదే మార్గాన్ని ‘400 మంది చనిపోతారు’ అని చెబితే ఒప్పుకున్నది 22 శాతమే. ఇవాళ దీన్ని బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద ప్రయోగిద్దాం.

ట్యాంకర్ల బిల్లు పెరిగింది, ఫ్లాట్లకు నీళ్ల మీటర్లు పెట్టాలా అని ఓటింగు అనుకోండి. సెక్రటరీగారు ఇలా రాశారు: ‘మీటర్ల కోసం ఒక్కో ఫ్లాటు మీద రూ. 6,000 అదనపు భారం. సమ్మతమేనా?’ ఇక చెయ్యెత్తేదెవరు! మీటర్లు కావాలన్నవాళ్లు వాట్సాప్‌లో పెట్టింది ఇది: ‘పొదుపుగా వాడేవాళ్లు ఇంకా ఎన్నాళ్లు పక్కింటివాళ్ల బిల్లు కట్టాలి?’ ఇదీ తక్కువ తినలేదు.

ముందు ‘భారం’, ‘పొదుపుగా’, ‘ఇంకా ఎన్నాళ్లు’ లాంటి తీర్పు మాటలు కొట్టేయండి. అవునా కాదా అన్నదాన్ని ‘ఎలా’గా మార్చండి: ‘ట్యాంకర్ల ఖర్చు ఎలా పంచుకుందాం?’ వెంటనే మూడు దారులు కనిపిస్తాయి: ఫ్లాటుకు సమానంగా, చదరపు అడుగుల చొప్పున, మీటరు రీడింగు ప్రకారం. ఇప్పుడు నడుస్తున్న పద్ధతికి ఎంతవుతోందో కూడా వాటి పక్కనే రాయాలి, చాలా నోటీసుల్లో ఎగిరిపోయేది అదే. తర్వాత అన్నిటినీ ఒకే కొలతకు తెండి: ఫ్లాటుకు నెలకు ఎంత. రూ. 6,000ను 60 నెలలకు పంచితే నెలకు రూ. 100.

బోల్తా పడేది ఇక్కడే. చాలా పాత అపార్ట్‌మెంట్లలో వంటగదికి, ఒక్కో బాత్రూముకు పైపు వేరుగా వస్తుంది. ఆ రూ. 6,000 ఒక్క మీటరుకే అయితే, ఫ్లాటుకు మూడు పైపులుంటే మూడు మీటర్లు, అంటే రూ. 18,000, నెలకు రూ. 300. ప్లంబర్ చేత పైపులు దిగే డక్ట్ తలుపు తీయించి పైపులు లెక్కపెట్టించే దాకా ఆ వంద రూపాయలూ ప్రచారమే. అంకె కనబడగానే నిష్పాక్షికం అనుకోకండి.

నగరం స్థాయిలోనూ ఇదే కథ. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల స్టీల్ ఫ్లైఓవర్‌ను ప్రభుత్వం ఎయిర్‌పోర్టు దారి ట్రాఫిక్ సమస్యగా చూపింది. జనం 812 చెట్ల సమస్యగా చూసి ‘బేడ’ (కన్నడంలో ‘వద్దు’) అన్నారు. 2017 మార్చిలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పనిని ఆపడానికి ‘వద్దు’ సరిపోయింది. ‘ఎయిర్‌పోర్టుకు మనుషులు ఎలా చేరాలి’ అని అడిగి ఉంటే బస్సు, రైలు, మెట్రో కూడా మొదటి రోజు నుంచే లెక్కలోకి వచ్చేవి.

అభ్యాసం: మీ అసోసియేషన్ గ్రూపులో వచ్చిన ఒక పోల్‌ను తిరగరాయండి. పాతది పదిమందికి, కొత్తది ఇంకో పదిమందికి విడివిడిగా పంపండి. గ్రూపులో పెడితే ముందు పడ్డ ఓట్లు చూసి మిగతావాళ్లూ అటే నొక్కుతారు. ఇరవై మందికి శాతాలు కట్టకండి, కారణం ఒక వాక్యంలో రాయమనండి. వచ్చే పాఠానికి ‘జవాబు రాకపోతే సమ్మతించినట్టే’ అని ఉన్న నోటీసు ఒకటి వెతికి పెట్టుకోండి.