ఫిడేలు పెదనాన్న ఉత్తరాలు సర్దడం ఎలా

మా పెదనాన్న విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకుని, తర్వాత యూనివర్సిటీలో సంగీతం ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఫిడేలుకి నలుగురు పోటీ పడ్డారు. ట్రంకుపెట్టెడు ఉత్తరాలు మాత్రం ఎవరూ అడగలేదు, నా దగ్గరికొచ్చాయి. మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే ఇలా చేయండి.

ముందు దేన్నీ విడదీయకండి. ఏ కట్ట ఎలా ఉందో అలాగే ఫోను తీసి ఫోటో కొట్టండి. పాతవాళ్ళు కార్డులు చదివాక ఇనుప తీగకు గుచ్చేవారు కదా, ఆ తీగలో అన్నిటికన్నా కిందది అన్నిటికన్నా పాతది. లాగేశారంటే వరస పోతుంది. మధ్యలో కన్నం పడిందని అతికించే పని పెట్టుకోవద్దు. సెల్లోటేపు అసలే వద్దు, కొన్నేళ్ళకి పసుపు మరకై అక్షరాల్ని తినేస్తుంది. లామినేషనూ అంతే. తుప్పు పట్టిన గుండుసూదులు మాత్రం మెల్లగా తీసేయండి.

తేదీల సంగతి. చాలామంది సంవత్సరం పేరే రాసేవారు. 'క్రోధి మాఘ శు. పంచమి' అని ఉందనుకోండి. క్రోధి 1964 ఉగాదికి మొదలైంది, కానీ మాఘమాసం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో 1965 ఫిబ్రవరి. ఆ పేరే మళ్ళీ 2024లో వచ్చింది కాబట్టి అరవయ్యేళ్ళ తేడాతో పొరబడే ప్రమాదం కూడా ఉంది. తేదీ అసలు లేకపోతే తపాలా ముద్ర చూడండి. అది చెరిగిపోతే చిరునామా చూడండి. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. తపాలా బిళ్ళ మీద అణాలుంటే 1957 ఏప్రిల్‌కి ముందు అచ్చయింది. 'విజయనగరం జిల్లా' అని రాశారంటే 1979 జూన్ తర్వాతే. అంతకుముందు మా ఊరు విశాఖ జిల్లాలో, బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి.

పేర్లు ఇంకో చిక్కు. మా పెట్టెలో 'దాసుగారు', 'నాయుడుగారు' అని తప్ప ఎక్కడా పూర్తి పేరు లేదు. రాసినవాళ్ళకి అవసరం లేదు మరి. దాసుగారంటే ఆదిభట్ల నారాయణదాసు, 1919లో గానపాఠశాల (ఇప్పటి సంగీత కళాశాల) పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు. నాయుడుగారంటే ద్వారం వెంకటస్వామినాయుడు, 1936లో ఆ కుర్చీలోకి వచ్చినవారు. చిన్న స్లిప్పు మీద పెన్సిలుతో రాసి కవరులో పెట్టండి. మన పిల్లలు ఏ నాయుడుగారని అడుగుతారు.

ఇక స్వరాలు. సంగీతం వాళ్ళ ఉత్తరాల్లో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. కుశలప్రశ్నల మధ్యలో 'నువ్వడిగిన చిట్టస్వరం ఇదీ' అని, పాటలో పాడేందుకు ముందే కూర్చిన స్వరాల వరసని నాలుగు ఆవర్తనాలు, అంటే నాలుగు తాళం చుట్లు, రాసేస్తారు. 'స' మీద చుక్క ఉంటే తారస్థాయి, అంటే పై స్థాయి; కింద ఉంటే మంద్రం, అంటే కింది స్థాయి. కామా ఒక అక్షరం కాలం, సెమికోలన్ రెండు. స్వరాల మీద గీత ఉంటే వేగం రెట్టింపు. జెరాక్సు తీస్తే ముందు పోయేవి ఈ చుక్కలే, అందుకే కిటికీ పక్కన నీడలో ఫోటో తీయండి, ఫ్లాషు వద్దు. పురుగు కొట్టిన మచ్చకీ చుక్కకీ తేడా తెలియకపోతే పాడించి చూడండి. మోహన రాగంలో స రి గ ప ద దాకా ఎక్కి, ఆ పై 'స'కు చుక్క లేదని మీరు రాసుకుంటే గొంతు ఒక్కసారి గోతిలో పడుతుంది. సంగీతం రాకపోతే వచ్చినవాళ్ళని పిలవండి, మా ఊళ్ళో వాళ్ళకి కొదవ లేదు.

ప్రొఫెసరు కాగితాలు వేరే ఫైలు అడుగుతాయి. పరీక్ష పేపర్లు, సిలబస్ తగాదాలు, సెలవు చీటీలు, అన్నీ టైపు చేసినవి. వాటికి కార్బన్ కాపీలు ఉంటాయి కాబట్టి ప్రశ్నా జవాబూ రెండూ దొరుకుతాయి. ఫిడేలు మనిషికి ఆ అదృష్టం లేదు. ఎవరో 'మీరు చెప్పినట్టే కమాను (ఫిడేలు వాయించే కర్ర) పట్టుకుంటున్నాను' అని రాస్తారు, పెదనాన్న ఏం చెప్పారో మన దగ్గర ఉండదు. ఆ సగం శిష్యుల ఇళ్ళల్లో ఉంటుంది. ఫోటో తీసి పంపమని అడగండి, కాగితం ఇమ్మని అడగొద్దు. కాగితం ఇమ్మంటే మనుషులు మొహం చాటేస్తారు.

సన్మాన పత్రాలు దాచి చిల్లర కార్డులు పారేసే ఇళ్ళు చూశాను. నన్నడిగితే అది తలకిందుల పని. పత్రాల్లో అందరూ 'గానకళాకోవిదులే'. మద్రాసు నుంచి తీగలు పంపమని, పక్కవాద్యం వాళ్ళ రైలుఖర్చు ఇంకా రాలేదని రాసిన కార్డులోనే మనిషి దొరుకుతాడు.

ఒక చోట ఖాళీ కనిపిస్తే కంగారు పడకండి. చావు కబురు కార్డు చదివి అక్కడే చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. ఆ వారం తర్వాతి పరామర్శ ఉత్తరాలు చూస్తే ఎవరు పోయారో తెలుస్తుంది.

భద్రం చేయడం సులువే. అట్టపెట్టె, నూలుగుడ్డ, ఎండిన వేపాకు విడిగా మూటలో. ఆకు కాగితానికి తగిలితే మరక. వానాకాలంలో పెట్టె తెరవకండి. అచ్చు వేద్దామనుకుంటే ఒక మాట: ఉత్తరం కాగితం మనదే గానీ, అందులోని రాతకు హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. అప్పుల మాట, పెళ్ళిసంబంధాల మాట ఉన్నవి వేరే కవరులో పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళు 'సరే' అన్నాకే బయటికి తీయండి. మా అప్ప ఇప్పటికీ రెండు కవర్లకి సరే అనలేదు.